తనిఖీలో పాసైన లేన్లు, ఆటలో కుదరని జత: విశాఖలో ఒక బౌలింగ్ కేంద్రం కేస్ స్టడీ

ఇది బంతిని లేను మీద దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్‌లను పడగొట్టే బౌలింగ్ ఆట కేంద్రం. ఈ కేసులో ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఫిర్యాదు వచ్చిన రెండు లేన్లూ అంతకు ముందు తనిఖీలో పాసైనవే. నేను వెళ్లి నా పరికరాలతో కొలిచినప్పుడు కూడా పాసయ్యాయి. అయినా వాటి మీద ఆడలేకపోతున్నామన్న ఆటగాళ్ల మాటలో అబద్ధం లేదు. కొలతల పుస్తకం ఒక్కో లేనును విడిగా చూస్తుంది, ఆటగాడు మాత్రం పక్కపక్కనున్న రెండు లేన్ల మీద జతగా ఆడతాడు. ఈ కేసంతా ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీ గురించే.

కేంద్రం విశాఖ బీచ్ రోడ్డుకు దగ్గరలో ఒక వాణిజ్య భవనం రెండో అంతస్తులో ఉంది. మొత్తం 8 లేన్లు. పైన సింథటిక్ పలకలు, కింద పాత చెక్క చట్రం. విదేశంలో వాడి తీసేసిన సామగ్రిని కొని ఇక్కడ బిగించారు. మన దేశంలో ఇది మామూలే, అందులో తప్పేమీ లేదు. బిగించిన తొలి ఏళ్లలో వచ్చేది ఎక్కువగా పుట్టినరోజు పార్టీల వాళ్లు, కళాశాల కుర్రాళ్లు కాబట్టి ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. తర్వాత నగరంలో క్రమం తప్పకుండా ఆడేవాళ్లు ఒక గుంపుగా ఏర్పడ్డారు. యజమాని ఒక పోటీ నిర్వహించాలనుకున్నారు. నిర్వాహకులు లేన్ల కొలతల నివేదిక అడిగారు. అప్పుడు నన్ను పిలిచారు.

ఫిర్యాదు 5, 6 లేన్ల మీద. "5లో బంతి లోపలికి దూసుకుపోతుంది, 6లో అసలు తిరగదు" అని కుడిచేతివాళ్లు అంటున్నారు. అక్కడి మెకానిక్ దానికి తన వైద్యం చేసి ఉన్నాడు. లేను మీద పల్చగా నూనె పూసే ఆయిల్ మెషీనులో 5వ లేనుకు నూనె పెంచాడు, 6కు తగ్గించాడు. నూనె ఎక్కువైతే బంతి జారి తక్కువ తిరుగుతుంది. కొన్నాళ్లు బాగున్నట్టే అనిపించి, మళ్లీ మొదటికొచ్చింది.

"నూనె మార్చి మార్చి చూశాం సార్. యంత్రంలోనే ఏదో తేడా ఉంది" అన్నాడతను.

యజమాని అనుమానం వేరు. "హుద్‌హుద్‌లో భవనం కదిలిపోయి ఉంటుందండీ" అన్నారు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన నాటి నుంచి ఈ ఊళ్లో గోడ మీద గీత కనబడినా, తలుపు బిగుసుకుపోయినా కారణం అదే. చివరికి చూస్తే భవనం గురించిన ఆయన అనుమానం సగం నిజమే, తుపాను సంగతి మాత్రం కాదు.

ఎడమచేతి సాక్ష్యం

పరికరాల పెట్టె తెరవక ముందే నాకు ఉపయోగపడిన సమాచారం ఒక ఎడమచేతి ఆటగాడు ఇచ్చాడు. అతని ఫిర్యాదు తలకిందులుగా ఉంది: 5లో బంతి తిరగదు, 6లో ఎక్కువ తిరుగుతుంది. మిగతావాళ్లు అతని మాటను నవ్వి కొట్టిపారేశారు. నేను మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, ఎక్కడ నిలబడుతున్నాడో, లేను మీది ఏ బాణం గుర్తు మీదుగా వేస్తున్నాడో అన్నీ రాసుకున్నాను.

ఎందుకంటే, కుడిచేతివాడి బంతి కుడి వైపు వెళ్లి ఎడమకు తిరుగుతుంది. ఎడమచేతివాడిది దానికి అద్దంలో బొమ్మ. లేను కుడి భాగంలో నూనె తక్కువై ఉంటే కుడిచేతివాడికి బంతి ఎక్కువ తిరుగుతుంది, ఎడమచేతివాడికి ఏమీ తెలియదు, అతను ఆ భాగంలో ఆడనే ఆడడు. లేను మొత్తం మీద నూనె తక్కువైతే ఇద్దరికీ ఎక్కువ తిరుగుతుంది. ఒకే లేను మీద ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ తిరగాలంటే, బంతి ఎటు నుంచి వచ్చినా దాన్ని ఒకే పక్కకు నెట్టేది ఏదో ఉండాలి. అలా నెట్టేది సాధారణంగా వాలు. 5వ లేను ఎడమకు, 6వ లేను కుడికి వాలి ఉంటే ఇద్దరి మాటలూ అతికినట్టు సరిపోతాయి.

అయినా నూనెను వదిలేయలేదు. అందరూ దాన్నే అనుమానిస్తున్నప్పుడు దాన్ని ముందు తేల్చకపోతే తర్వాత ఎవరూ మన మాట వినరు. యంత్రాన్ని రెండు లేన్లకూ ఒకే అమరికలో పెట్టి, శుభ్రం చేసి నూనె వేయించి, ఫౌల్ లైను (బంతి వేసేటప్పుడు ఆటగాడు దాటకూడని గీత) నుంచి మూడు దూరాల్లో టేపుతో నూనె పొరను ఎత్తి చదివాం. రెండు లేన్లకూ తేడా చెప్పుకోదగ్గది కాదు. యంత్రానికి సంబంధించి నేను చేయించినవి చిన్న పనులు: గట్టిపడ్డ స్క్వీజీ రబ్బరు (లేనును తుడిచే పట్టీ) మార్చడం, తుడిచే గుడ్డను ప్రతి విడతకూ ముందుకు తిప్పడం. మెకానిక్ ముఖంలో ఊరట కనిపించింది. అతను యంత్రాన్ని బాగానే చూసుకుంటున్నాడు.

కొలతలు

మేము ఆధారంగా తీసుకున్నది యూఎస్‌బీసీ (యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్) కొలతలు. 1895లో మొదలైన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ తదితర సంస్థలు కలిసి 2005లో ఏర్పడిన సంస్థ ఇది. ఫౌల్ లైను నుంచి హెడ్‌పిన్ (అన్నిటికన్నా ముందుండే పిన్) గుర్తు మధ్య వరకు 60 అడుగులు, అర అంగుళం అటూ ఇటూ. లేను వెడల్పు 41.5 అంగుళాలు, అందులోనూ అర అంగుళం వెసులుబాటు. ఫౌల్ లైను వెనుక నడిచే అప్రోచ్ కనీసం 15 అడుగులు. పొడవు, వెడల్పుల్లో ఇంత ఉదారంగా ఉన్న పుస్తకం మట్టం దగ్గరికి వచ్చేసరికి పిసినారి అవుతుంది. లేను అడ్డంగా వాలినా, మధ్యలో పల్లం పడినా, ఉబ్బినా 40 థౌ దాటకూడదు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 40 థౌ అంటే ఒక మిల్లీమీటరు. మీ జేబులోని ఏటీఎం కార్డు మందం 30 థౌ.

ఇంత సన్నని తేడాను తాపీ మేస్త్రి రసమట్టంతో పట్టలేం. నా దగ్గర ఉన్నది లేను వెడల్పుకు సరిపోయే అల్యూమినియం కడ్డీ. దానికి రెండు కాళ్లు, ఒక చివర డయల్ గేజ్, మధ్యలో సున్నితమైన మట్టం. దాన్ని నమ్మే ముందు ఒక పరీక్ష ఉంది. ఒక చోట పెట్టి చదవాలి, తర్వాత అదే చోట చివరలు మార్చి పెట్టి చదవాలి. రెండు సార్లూ ఒకే పక్క అంతే పల్లం చూపిస్తే పరికరం మంచిది. పల్లం కడ్డీతో పాటు తిరిగిందంటే తేడా లేనులో లేదు, కడ్డీలో ఉంది. ఈ పరీక్ష చేయని కొలతల నివేదికను నేను చదవను. ఇక్కడికి బయలుదేరే ముందు కడ్డీని గాజువాక ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో గ్రానైట్ పలక మీద పెట్టి సరిచూసుకున్నాను. ఓడల ఇంజన్ల పని చేసే ఊరు కావడం వల్ల విశాఖలో ఇలాంటి సదుపాయానికి, దాన్ని అర్థం చేసుకునే ఫిట్టర్లకు కొదవ లేదు.

పొడవు కొలవడానికి గుడ్డ టేపు పనికిరాదు, లాగితే సాగుతుంది. స్టీలు టేపు వాడాలి. దానికీ ఎండ తగులుతుంది: 10 డిగ్రీల తేడాకు 60 అడుగుల మీద సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అర అంగుళం వెసులుబాటు ముందు అది లెక్కలోనిది కాదు గానీ, మధ్యాహ్నం కారులో వదిలేసిన టేపును నేరుగా తెచ్చి కొలిచి, మర్నాటి కొలతతో సరిపోలలేదని వాదించుకునేవాళ్లను చూశాను. పొడవు, వెడల్పు అన్ని లేన్లకూ సరిపోయాయి. ఇక వాటి గురించి చెప్పేదేమీ లేదు.

మట్టం తీయడానికి రాత్రి ఆట ముగిశాక, ఏసీ నడుస్తుండగానే, నూనె తుడిపించి మొదలుపెట్టాం. ఫౌల్ లైను దగ్గర నిలబడి పిన్‌ల వైపు చూస్తున్నప్పటి కుడి ఎడమలే ఇక్కడ లెక్క. 5వ లేను 10 అడుగుల దగ్గర ఎడమకు 18 థౌ వాలి ఉంది. 20 అడుగుల దగ్గర 29, 30 దగ్గర 35, 40 దగ్గర 36. అక్కడి నుంచి తగ్గుతూ 50 దగ్గర 30, పిన్‌లు నిలిచే పిన్ డెక్ దగ్గరకు చేరేసరికి 21. 6వ లేను దాదాపు ఇవే అంకెలు చూపించింది, కాకపోతే కుడికి. మిగతా ఆరు లేన్లలో ఎక్కడా 15 దాటలేదు.

36 అంటే 40 లోపే. పాస్.

36 థౌ ఏం చేయగలదు

యజమాని ఈ అంకెలు చూసి అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "ఏటీఎం కార్డంత వాలు, 7 కిలోల బంతిని ఏం చేస్తుందండీ?"

లెక్క వేసి చూపించాను. లేను వెడల్పు 41.5 అంగుళాలు, అందులో 40 థౌ వాలు అంటే సుమారు వెయ్యికి ఒకటి. భూమ్యాకర్షణలో వెయ్యో వంతు బంతిని పక్కకు లాగుతుందన్నమాట. బంతి బరువు ఎంతైనా ఈ లాగుడు వేగంలో మార్పు లేదు. అందుకే బరువైన బంతి తీసుకుంటే నిలుస్తుందన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. మామూలు వేగంతో వేసిన బంతి పిన్‌లను చేరడానికి రెండున్నర సెకన్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. ఆ మొత్తం సమయం 40 థౌ వాలు మీదే ప్రయాణిస్తే అది పక్కకు జరిగేది రెండు సెంటీమీటర్లకు పైనే. 5వ లేను అంకెలను ముక్కలు ముక్కలుగా వేసి కూడితే సుమారు ఒకటిన్నర సెంటీమీటరు వచ్చింది. రాపిడిని, బంతి తిరుగుడును పక్కన పెట్టిన మోటు లెక్క ఇది. అసలు సంఖ్య కొంత మారవచ్చు, దిశ మారదు.

ఒకటిన్నర సెంటీమీటరు ఆటలో పెద్దదేమీ కాదు. లేనును 39 బోర్డులుగా లెక్కిస్తారు, ఒక్కో బోర్డు 2.7 సెంటీమీటర్లు. అర బోర్డు తేడాను మంచి ఆటగాడు రెండు మూడు బంతుల్లో సర్దుకుంటాడు. కష్టం ఎక్కడంటే, పోటీల్లో ఒక ఆటలోని 10 ఫ్రేములను (ఆటగాడి వంతులను) ఒకే లేను మీద వేయరు. జతలోని రెండు లేన్ల మీద మార్చి మార్చి, ఒక్కోదాని మీద ఐదేసి వేస్తారు. 5 ఎడమకు ఒకటిన్నర, 6 కుడికి ఒకటిన్నర నెడితే మధ్య తేడా 3 సెంటీమీటర్లు, అంటే బోర్డుకు మించి. కుడిచేతివాడు స్ట్రయిక్ (ఒకే బంతికి అన్ని పిన్‌లూ పడగొట్టడం) కోసం హెడ్‌పిన్‌కు కుడి పక్కన, 17, 18 బోర్డుల మధ్య కొట్టాలని చూస్తాడు. అక్కడ ఒక బోర్డు లోపలికి జరిగితే పిన్‌లు చీలి మిగులుతాయి, బయటికి జరిగితే మూల పిన్ నవ్వుతూ నిలబడుతుంది. ఒక ఫ్రేములో నేర్చుకున్న పాఠం తర్వాతి ఫ్రేములో తప్పు పాఠం అవుతుంది.

రెండు లేన్లూ ఒకే పక్కకు 36 థౌ వాలి ఉంటే ఈ ఫిర్యాదే వచ్చేది కాదని నా అభిప్రాయం. కుడిచేతివాళ్లు ఈ జత కొంచెం పదునుగా ఉందని చెప్పుకుని ఆడుకునేవారు. నియమం ఒక్కో లేనుకు హద్దు పెట్టింది, జతలోని లేన్లు ఎదురెదురు దిశల్లో వాలకూడదని చెప్పలేదు. నా చేతిలో ఉంటే నివేదిక పత్రంలో జత తేడా అని ఒక గడి అదనంగా పెట్టిస్తాను. నా సొంత పత్రంలో పెట్టుకున్నాను కూడా.

నూనె పెంచి తగ్గించిన వైద్యం ఎందుకు నిలవలేదో కూడా ఇక్కడ తెలుస్తుంది. 5లో నూనె పెంచడంతో కుడిచేతివాడి బంతి కొంత నిలిచింది. కానీ అదే లేను మీద తన బంతి తిరగడం లేదని మొత్తుకుంటున్న ఎడమచేతివాడికి ఇంకా జారుడు తోడైంది. పైగా ఎక్కువ నూనె బంతులతో పాటు ముందుకు సాగి పిన్‌ల వైపు పొడిగా ఉండాల్సిన భాగంలోకి చేరుతుంది. దాంతో గంట గంటకూ లేను స్వభావం మారిపోతుంది. ఉదయం కుదిరిన అమరిక సాయంత్రానికి కుదరకపోవడానికి కారణం ఇదే.

కారణం కింద అంతస్తులో

ఒకే జతలో రెండు లేన్లూ ఒకదానికొకటి వీపు చూపించి వాలాయంటే వాటి మధ్య ఏదో ఎత్తుగా నిలిచి ఉండాలి, లేదా రెండు పక్కలా ఏదో దిగి ఉండాలి. కింది అంతస్తు దుస్తుల దుకాణం వాళ్లను బతిమాలి ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీయించి టార్చితో చూశాను. సరిగ్గా 5, 6 లేన్ల మధ్య బంతులు తిరిగివచ్చే గట్టు కింద, లేన్ల పొడవునా ఒక పెద్ద దూలం వెళ్తోంది. దూలం మీద శ్లాబు దిగలేదు. దానికి అటూ ఇటూ ఉన్న శ్లాబు ఏళ్ల తరబడి బరువుకు కొద్దికొద్దిగా దిగింది. కాంక్రీటు గుణమే అంత. బరువు మోస్తూ ఏళ్లపాటు నెమ్మదిగా వంగుతుంది. మొదట్లో ఎక్కువ, పోను పోను తక్కువ.

ఇందులో భవనం కట్టినవాళ్ల లోపమేమీ లేదు. మన ఐఎస్ 456 నియమావళి ప్రకారం గోడలు, ఫినిషింగ్ పూర్తయ్యాక శ్లాబు దిగుబాటు స్పాన్‌లో (ఆధారాల మధ్య దూరంలో) 350వ వంతు లేదా 20 మిల్లీమీటర్లు, ఏది తక్కువైతే అది మించకూడదు. ఇరవై మిల్లీమీటర్లు. బౌలింగ్ లేనుకు అనుమతి ఒక్క మిల్లీమీటరు. ఇంజనీరు దృష్టిలో నిక్షేపంలా ఉన్న శ్లాబు లేను మెకానిక్‌కు ప్రతి ఏడాదీ పని పెట్టగలదు. పై అంతస్తులో లేన్లు వేసేవాళ్లు శ్లాబు నక్షా తెప్పించుకుని, దూలాలు ఏ లేను కింద పడుతున్నాయో చూసుకుని అప్పుడు చట్రం గీతలు గీయాలి. లేన్లను ఒక అడుగు పక్కకు జరిపి వేసినా ఇక్కడ ఈ జత ఇంత చెడిపోయేది కాదు.

యజమానికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే హుద్‌హుద్ కాదన్నమాట" అన్నారు, కొంచెం నిరాశగా.

మట్టం సరిచేయడం

చెక్క లేను అయితే పైన చెక్కి, ఇసుకకాగితం పట్టించి, మళ్లీ పూత వేసి కొంతవరకు సర్దవచ్చు. పాతకాలపు లేన్లలో బంతి పడే ముందు భాగం, పిన్‌లు నిలిచే భాగం గట్టి మేపుల్ చెక్కతో, మధ్య భాగం పైన్‌తో ఉండేవి. సింథటిక్ పలకను చెక్కలేం. కింద నుంచి ఎత్తాలి.

పక్క గట్టర్లు (లేనుకు రెండు పక్కలా ఉండే కాలువలు) విప్పి చూస్తే చట్రాన్ని మట్టం చేసే బోల్టులు తుప్పుతో ముద్దకట్టి ఉన్నాయి. సముద్రం అంత దగ్గరలో ఇనుము ఇలా కాకుండా ఇంకెలా ఉంటుంది! కొన్ని నూనె పోసి రాత్రంతా నానబెడితే కదిలాయి. కదలనివి కోసి తీశాం. వాటి స్థానంలో 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించాను. మామూలు 304 ఉప్పు గాలికి మచ్చలు పడుతుంది. చట్రం కింద ప్యాకింగ్‌గా ఎప్పుడో పెట్టిన ప్లైవుడ్ ముక్కలు తేమకు ఉబ్బి, బరువుకు నలిగి, పొరలు విడిపోయాయి. 36 థౌలో కొంత వాటా శ్లాబుది కాదు, వీటిదే. అన్నీ తీసేసి గట్టి ప్లాస్టిక్ షిమ్‌లు (ఎత్తు సర్దే పలుచని బిళ్లలు) పెట్టాం.

ఎత్తడంలో తొందర పనికిరాదు. 40 అడుగుల దగ్గర ఒక్కసారిగా 30 థౌ ఎత్తితే 35, 45 అడుగుల దగ్గర పలకలు బిగుసుకుని అతుకుల దగ్గర గట్టు లేస్తుంది. ఆ గట్టు వేలిగోటికి తగులుతుంది, బంతికీ తగులుతుంది. అందుకని పొడవునా ప్రతి చోటా కొద్ది థౌలు మాత్రమే ఎత్తి, మళ్లీ మొదటి నుంచి కొలిచి, రాత్రికి వదిలేసి మర్నాడు చూడాలి. బిగుతు సర్దుకున్నాక కొంత వెనక్కి దిగుతుంది. ఆ దిగుడు ఆగేదాకా ఇదే పని. సహాయానికి వచ్చిన ఫిట్టర్ షిప్‌యార్డు పనుల్లో షాఫ్టులు సరిచేసిన అనుభవం ఉన్నవాడు. అతనికి ఏదీ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. "ఇంజన్ బెడ్డు కన్నా ఇదే నయం బాబాయ్, కనీసం వంగి పని చేసుకోవచ్చు" అని నన్ను ఓదార్చాడు.

సున్నా కోసం పాకులాడలేదు. రెండు లేన్లనూ అన్ని దూరాల్లోనూ 10 థౌ లోపుకు తెచ్చి, మిగిలిన వాలు రెండింటికీ ఒకే పక్కకు ఉండేలా వదిలాం. ఇక్కడే యజమానికి నాకూ చిన్న వాదన జరిగింది. "అప్పుడూ పాసే, ఇప్పుడూ పాసే. ఈ ఖర్చుకు కాగితం మీద నాకు మిగిలిందేమిటి?" అని ఆయన అడిగారు. కాగితం మీద ఏమీ మిగలలేదు, అది నిజమే. ఆ సాయంత్రం కుడిచేతివాళ్లను, ఆ ఎడమచేతి కుర్రాడిని పిలిపించి, ఏ లేన్ల మీద పని జరిగిందో చెప్పకుండా అన్ని జతల మీదా ఆడించాం. 5, 6 గురించి ఎవరూ నోరెత్తలేదు. బదులుగా అప్రోచ్ జిగటగా ఉందని ఫిర్యాదు మొదలుపెట్టారు. నా దృష్టిలో అంతకన్నా మంచి ఫలితం లేదు.

తేమ

అప్రోచ్ ఫిర్యాదు కూడా నిజమే. ఆటగాడు చివరి అడుగులో జారుతూ బంతిని వదులుతాడు. నేల పట్టేస్తే బంతి ఎటో పోవడం అటుంచి, మోకాలు పోతుంది. విశాఖలో వేసవి ఉక్కపోతలోనూ, వానకాలంలోనూ తేమ 70 శాతం దాటడం మామూలు. ఈ కేంద్రంలో రాత్రి ఆట అవగానే ఏసీ ఆపేస్తారు, ఉదయం ఊడ్చేవాళ్లు తలుపులన్నీ బార్లా తెరుస్తారు. చల్లబడిన లేన్ల మీదికి సముద్రపు గాలి వచ్చి పడితే నేల మీద కంటికి కనిపించని చెమ్మ పేరుకుంటుంది. దాని మీదే నూనె యంత్రం తోలితే నూనె సమంగా అంటదు. కింద చెక్క చట్రం రాత్రి ఉబ్బి పగలు ముడుచుకుంటుంది. నా మట్టం అంకెలు ఉదయానికీ రాత్రికీ రెండు మూడు థౌలు ఊగడానికి కారణం ఇదే. రాత్రి ఏసీ మీద కొలిచిన అంకెలనే లెక్కలోకి తీసుకున్నానని పైన చెప్పింది అందుకే.

కొందరు ఆటగాళ్లు జిగటకు తమ మార్గం కనిపెట్టారు. బూటు అడుగుకు టాల్కం పౌడరు. నియమాల ప్రకారం అప్రోచ్ మీద ఏ పదార్థమూ చల్లకూడదు, బూటుకు రాసినది నేలకు అంటినా అంతే. తర్వాత వచ్చినవాడు దాని మీద కాలు పెట్టి పడతాడు. గోడ మీద బోర్డు పెట్టించాం. అంతకన్నా బాగా పనిచేసింది, కౌంటర్ దగ్గర పౌడరు డబ్బా దాచేయడం.

అసలు మందు గాలిలో ఉంది. హాలులో ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ 40, 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే లేన్లు, నూనె, అప్రోచ్ అన్నీ బుద్ధిగా ఉంటాయి. మన తీరంలో 50 శాతం అన్నది ఆశ. 55 దగ్గర నిలిపితే నేను సంతోషిస్తాను. రాత్రంతా పూర్తి ఏసీ నడపమంటే కరెంటు బిల్లు చూసి యజమాని ఒప్పుకోలేదు, నేనైనా ఒప్పుకోను. తేమ లాగే యంత్రాలు రెండు పెట్టించి, రాత్రి వాటినే నడిపి, ఏసీని ఆట మొదలయ్యే ముందు తగినంత సమయం ఉండగా వేయాలని నిర్ణయించాం. ఊడ్చేటప్పుడు ఒక్క తలుపు మాత్రమే తెరవాలి. వానలో తడిసిన బూట్లతో అప్రోచ్ ఎక్కకుండా మెట్టు దగ్గర మందపాటి పట్టా.

మిగతావి

పిన్‌ల గుర్తుల మధ్య దూరం 12 అంగుళాలు ఉండాలి. పలకతో సరిచూస్తే డెక్ మీద గుర్తులు అన్ని లేన్లలోనూ సరిగానే ఉన్నాయి. కానీ 3వ లేను పిన్‌సెట్టర్ (పిన్‌లను నిలబెట్టే యంత్రం) 10వ పిన్‌ను గుర్తు మీద కాకుండా కాస్త వెనక్కి దించుతోంది. అది లేను తప్పు కాదు, యంత్రం సర్దుబాటు. మెకానిక్ సరిచేశాడు. పిన్‌లను త్రాసు మీద వేశాం. పోటీకి పెట్టే పిన్ 3 పౌండ్ల 6 ఔన్సుల నుంచి 3 పౌండ్ల 10 ఔన్సుల మధ్య ఉండాలి, మన లెక్కలో సుమారు 1.53 నుంచి 1.64 కిలోలు. పూత రాలి, మెడ దగ్గర పగిలిన వాటిని తీసేసి మిగతావాటిని బరువు వారీగా సెట్లు చేశాం. ఒకే సెట్టులో కొత్తవీ అరిగినవీ కలిపితే బంతి ఒకేలా తగిలినా పిన్‌లు ఒకేలా ఎగరవు. ఫౌల్ లైను సెన్సర్లు దుమ్ము పట్టి ఉన్నాయి, తుడిస్తే పనిచేశాయి.

నూనె అమరికను అన్ని లేన్లకూ ఒకటే చేశాం. 40 అడుగుల పొడవు. పొడవులోంచి 31 తీసేస్తే వచ్చే బోర్డు దగ్గర బంతి మలుపు తిరగాలన్న పాత లెక్క ప్రకారం 9వ బోర్డు. ఇప్పుడు ఆ లెక్క 5 మీదా 6 మీదా ఒకేలా పనిచేస్తోంది.

నివేదికలో రెండు పేజీలు ఉన్నాయి. మొదటిది నిర్వాహకులు అడిగినది: ఒక్కో లేనుకు కొలతలు, హద్దులు, పాస్. రెండోది ఎవరూ అడగనిది: ప్రతి జతకూ ఒకే దూరం దగ్గర రెండు లేన్ల వాలు దిశ, తేడా. నిర్వాహకులు మొదటి పేజీ ఫైలు చేసుకున్నారు. రెండో పేజీని మెకానిక్ పిన్‌సెట్టర్ల వెనుక గోడకు అంటించుకున్నాడు.

గట్టర్ పక్కన ప్రతి 10 అడుగులకు చిన్న గుర్తులు పెట్టి వచ్చాను, ఎప్పుడు ఎవరు కొలిచినా అదే చోట కొలిచేలా. శ్లాబు దిగడం నెమ్మదించి ఉంటుంది గానీ పూర్తిగా ఆగి ఉండదు. అందుకని వేసవి చివర ఒకసారి, తుపానుల కాలం ముగిశాక ఒకసారి మట్టం చూడాలని ఒప్పందం. మొదటి విడత చూసినప్పుడు 5 కదల్లేదు. 6వ లేను 40 అడుగుల దగ్గర 3 థౌ కుడికి దిగింది. తేమ ఊగిసలాటలోనే అంత తేడా ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. తర్వాతి కొలతలో కూడా అదే పక్కకు పెరిగితే 38, 42 అడుగుల దగ్గర బోల్టులు తిప్పాలని మెకానిక్‌కు చెప్పి, పానా అతని చేతికే ఇచ్చాను.